బావగారి ఊపిరి

పోలారావుకీ, అతని తమ్ముడి పెళ్లాం రమణికీ మధ్య ఆరేళ్లుగా ఒక గోడ ఉండేది. మాటవరసకి అంటున్నది కాదు, నిజం గోడే. వంటింటికీ వీధి వసారాకీ నడుమ ఉన్న మట్టి గోడ. పోలారావు వసారాలో కంచం ముందు కూర్చుని, "ఏటే గోడా, ఈ పూట పులుసులో ఉప్పు మర్సిపోనావా?" అనేవాడు. లోపల రమణి నాలుక కరుచుకుని, ఉప్పు గిన్నె తోడికోడలు నీలమ్మ చేతిలో పెట్టేది. నీలమ్మ అంటే పోలారావు భార్య. "మీ ఇద్దరి మద్దినీ తిరగలేక నా కాళ్లరిగిపోతన్నాయి," అని ఆవిడ విసుక్కునేది గానీ, ఆ పద్ధతి మానండని మాత్రం ఒక్కనాడూ అనలేదు.

ఎలా అంటుంది? ఉద్దానం తీరంలో చేపల వేటకెళ్లే ఇళ్లలో అది పెద్ద మర్యాద. తమ్ముడి భార్య బావగారి ఎదట పడకూడదు, పేరెత్తకూడదు, ఆయన కూర్చున్న మంచం మీద కూర్చోకూడదు. ఇక ముట్టుకోవడమా, రామ రామ! పోలారావు గుమ్మంలోకి వచ్చే ముందు గట్టిగా దగ్గేవాడు. రమణి కొంగు తల మీదికి లాక్కుని పక్కకి తప్పుకునేది. ఆరేళ్లలో ఆయన మొహం తిన్నగా చూసిన పాపాన పోలేదు.

అలాగని ఆమెకి బాధేమీ లేదు. అమ్మా అయ్యా పోయాక తన భర్త కామేశ్‌ని ఐదేళ్ల గుంటడప్పట్నుంచీ పెంచింది ఆ అన్నే. పలాస దగ్గర నుంచి రమణిని కోరి కోడలిగా తెచ్చుకున్నదీ ఆయనే. కామేశ్ ఏడాదిలో ఎనిమిది నెలలు గుజరాత్‌ వెళ్లి అక్కడి బోట్ల మీద పనిచేస్తాడు. అన్నాళ్లూ రమణికి నీడ ఆ ఇల్లే. కన్నతండ్రి తర్వాత తండ్రంతటి మనిషి. ఆయన నోట 'మంచి పిల్ల' అనిపించుకుంటే చాలనుకునేది, అదీ గోడతోనే అయినా సరే.

రమణి కాశీబుగ్గలో జీడిపప్పు ఫ్యాక్టరీకి పనికెళ్లేది. రెండువేల ఏడులో, ఎండాకాలంలో, అక్కడ జీడిపిక్కలు కాల్చే షెడ్డులో ఒకాయన ఉన్నట్టుండి పడిపోయాడు. మూర్ఛ అనుకుని అందరూ పరిగెత్తి చేతిలో తాళాలు పెట్టారు, మొహాన నీళ్లు కొట్టారు. ఆయన మళ్లీ లేవలేదు, గుండె ఆగిపోయిందట. తర్వాత పది రోజులకి ఫ్యాక్టరీ వాళ్లు టెక్కలి నుంచి భాగ్యశ్రీ అనే నర్సమ్మని పిలిపించి, ఆడవాళ్లందర్నీ పప్పు ఆరబెట్టే వరండాలో కూర్చోబెట్టారు. ఆవిడ కాళ్లూ చేతులూ లేని రబ్బరు బొమ్మనొకటి తెచ్చింది. రొమ్ము నడిమధ్యన అరచెయ్యి ఆనించి, దాని మీద రెండో చెయ్యి వేసి, మోచేతులు వంచకుండా ముప్పైసార్లు గట్టిగా నొక్కమంది. ఆ తర్వాత ముక్కు మూసి, నోట్లో నోరు పెట్టి రెండుసార్లు ఊదమంది.

వరండా అంతా ఒకటే నవ్వులు. "ఓలమ్మో! మా ఆయనకే నానెప్పుడూ అలా సెయ్యనేదు, ఈ బొమ్మకి సెయ్యాలా?" అని ఒకావిడ అంటే నర్సమ్మ కూడా నవ్వేసింది.

రమణి మాత్రం నవ్వలేదు. "సముద్రంలో మునిగిపోనోలికీ ఇదేనా అమ్మా?" అని అడిగింది. "మా ఊర్లో అయితే బోర్లా భుజానేసుకుని పరిగెడతారు. నీలన్నీ కక్కిత్తారు."

"నీళ్ల వెంట పడకమ్మా," అంది భాగ్యశ్రీ. "మునిగినవాడు ఊపిరందక చచ్చిపోతాడు. మీరు నీళ్లు కక్కించేలోగా ఆ కాస్త టైమూ అయిపోతుంది. ముందు ఊపిరియ్యి, తర్వాత గుండె నొక్కు. మనిషి కదిలేదాకా, లేకపోతే బండి వచ్చేదాకా ఆపకు."

ఆ రోజు రమణి బొమ్మ దగ్గర్నుంచి లేవనే లేదు. "ఒలే, దానికి పానమొచ్చీసినాది, ఇంక ఒగ్గీ!" అని పక్కవాళ్లు ఏడిపించినా లేవలేదు.

ఏటేటా ఎండాకాలంలో సర్కారు పెట్టే వేట నిషేధం అయిపోయి, బోట్లు మళ్లీ సముద్రంలోకి దిగిన మూడు నెలలకి జరిగింది అసలు సంగతి. పొద్దున్న ఎనిమిది దాటింది. రమణి ఆ రోజు పనికెళ్లలేదు. ఒడ్డున కేకలు వినబడి, నీలమ్మా తనూ చేతిలో పనులు వదిలేసి పరిగెత్తారు. తీరానికి చేరబోతూ పోలారావు బోటు కెరటానికి బోల్తా కొట్టింది. నలుగుర్లో ముగ్గురు ఈదుకొచ్చారు. పోలారావుకి బోటు అంచు తలకి తగిలి, కాలు వలతాడులో చిక్కుకుపోయింది. చేపకి ఈత నేర్పగల మనిషి, మోకాలు దాటిన నీళ్లలో మునిగిపోయాడు. తాడు కోసి ఒడ్డుకి తెచ్చి ఇసకలో పడుకోబెట్టేసరికి పెదాలు నల్లబడి ఉన్నాయి. రొమ్ము కదలడం లేదు.

"భుజానెత్తండ్రా! బేగి ఎత్తండి, తిప్పండి!" అని అరిచాడు గున్నయ్య. ఆ ఊరికి పెద్ద, డెబ్భై ఏళ్లవాడు. చిన్నప్పుడు తనని అలాగే బతికించారని ఊరంతటికీ వందసార్లు చెప్పుకున్నవాడు. ఈదుకొచ్చిన ముగ్గుర్లో ఒకడైన యువరాజు అనే కుర్రాడు పోలారావుని భుజాన బోర్లా వేసుకుని ఇసకలో పరుగు పెట్టాడు. నోట్లోంచి నీళ్లు బుడబుడమని కారాయి. "వత్తన్నాయి, నీలొత్తన్నాయి!" అని జనం సంబరపడ్డారు. నీలమ్మ కూడా ఏడుపు మధ్యలో చేతులు జోడించింది.

రమణి ఆడవాళ్ల గుంపులో, దూరంగా, కొంగు తల మీద వేసుకుని నిలబడి ఉంది. ఆమెకి నీళ్లు కనబడలేదు. యువరాజు వీపు మీద వేలాడుతున్న చెయ్యి కనబడింది. టైమైపోతోంది, టైమైపోతోంది అని లోపల ఒకటే గోల. వెళ్లాలి. వెళ్తే ఆ మనిషిని ముట్టుకోవాలి, నోట్లో నోరు పెట్టాలి, ఊరు ఊరంతా చూస్తుండగా. ఆయన బతికితే మళ్లీ ఆ ఇంట్లో తన మొహం ఎలా చూపించుకుంటుంది? బతక్కపోతే ఆ పాపం ఎక్కడ కడుక్కుంటుంది?

రమణి వెళ్లి నీలమ్మ చెయ్యి పట్టుకుంది. "అక్కా, అలా తిప్పితే సచ్చిపోతాడు. నానోటి నేర్సుకున్నాను. సెయ్యమంతావా?"

నీలమ్మకి ఏమీ అర్థం కాలేదు. "ఏటైనా సెయ్యే! నా పసుపూ కుంకం నిలబెట్టే!" అంది.

రమణి కొంగు నడుముకి చుట్టి, మగవాళ్లని తోసుకుంటూ వెళ్లింది. "దించండి! ఇసకలో ఎల్లకిలా పెట్టండి!" అని అరిచిన గొంతు తనదేనా అని ఆమెకే అనుమానం వచ్చింది. యువరాజు బిత్తరపోయి దించేశాడు. ఆమె మోకాళ్ల మీద కూలబడి ఆ తల వెనక్కి వంచబోతే, గున్నయ్య కర్ర అడ్డం పెట్టాడు.

"ఓలే! సిగ్గునేదా నీకు? ఆడు నీ బావగారే!"

"బతికుంటేనే గదా తాతా బావగారు!" అంది రమణి. కర్రని చేత్తో అవతలికి నెట్టేసి, ముక్కు మూసి, నోట్లో నోరు పెట్టి ఊదింది.

ఉప్పు నీరు, బీడీ వాసన. వెనకాల ఎవరో "శివ శివ" అన్నారు. రెండుసార్లు ఊది, రొమ్ము మీద చేతులు వేసి నొక్కడం మొదలుపెట్టింది. ఒకటి, రెండు, మూడు. లోపల ఎముక పుటుక్కుమంది. అయినా ఆమె చేతులు ఆగలేదు. ముప్పై అయ్యాక మళ్లీ వంగింది. అప్పుడు చూసింది ఆయన మొహం, అంత దగ్గరగా, మొట్టమొదటిసారి. అచ్చం కామేశ్‌లాగే ఉన్నాడు. అవే కనుబొమలు, అదే మొండి గడ్డం. నెరిసిన కామేశ్. ఇన్నేళ్లూ ఒకే ఇంట్లో ఉండి ఈ సంగతి తెలియలేదే అనుకునేసరికి ఆమెకి ఏడుపు పొంగుకొచ్చింది. ఏడుస్తూనే నొక్కింది, ఏడుస్తూనే ఊదింది. నూటెనిమిదికి ఫోన్ చెయ్యమని మధ్యలో ఎవరినో తిట్టింది కూడా.

ఎన్నిసార్లయిందో లెక్క పోయింది. భుజాలు పడిపోతున్నాయనిపించిన వేళ పోలారావు ఒక్కసారి ఎగిరిపడి, భళ్లున కక్కాడు. రమణి ఆయన్ని పక్కకి తిప్పి నోరు శుభ్రం చేసింది. గరగరమంటూ ఒక ఊపిరి, కాస్త ఆగి ఇంకొకటి. నీలమ్మ వచ్చి మొగుడి కాళ్ల మీద పడింది. రమణి లేచి, నడుముకి చుట్టిన కొంగు విప్పి తల మీద వేసుకుని, ఆడవాళ్ల గుంపులోకి వెళ్లిపోయింది. వాళ్లు ఆమెకి దారైతే ఇచ్చారు గానీ, ఒక్కరూ దగ్గరికి రాలేదు.

పోలారావు ఆసుపత్రిలో పదకొండు రోజులున్నాడు. రెండు పక్కటెముకలు విరిగాయి, తలకి కుట్లు పడ్డాయి, ప్రాణానికి మాత్రం భయం లేదన్నారు. ఆ పదకొండు రోజులూ ఊరికి వేరే పని లేకపోయింది. కుండ మూతికైతే మూకుడుంది గానీ ఊరి మూతికి ఎక్కడుంది? బావి దగ్గర ఇద్దరు చేరితే అదే మాట. "పానం పోసింది సరే, మరి వావీ వరసా?" అని గున్నయ్య ఇంటింటికీ తిరిగి చెప్పాడు. రమణి గుజరాత్‌కి ఫోన్ చేసి మొగుడికి తనే చెప్పేసింది. అవతల కామేశ్ ఏడ్చేశాడు. "మా అన్నని నాకు మిగిల్చినావు. ఎవుడేటన్నా నానున్నాను, బెంగెట్టుకోకు," అన్నాడు. ఆ మాటతో ఆమెకి సగం భారం దిగింది.

మిగిలిన సగం మాత్రం బావగారు ఊరికొచ్చాక పెరిగింది. పోలారావు ఆసుపత్రి నుంచి వచ్చి, గడప తొక్కకుండా తిన్నగా ఒడ్డున ఉన్న వలల పాకలోకి వెళ్లి పడుకున్నాడు. తిండి నీలమ్మ అక్కడికే పట్టుకెళ్లేది. ఆరు రోజులైంది. దగ్గు వినబడలేదు, గోడతో మాట లేదు. ఒకసారి రమణి నీళ్ల బిందెతో వస్తుంటే ఎదురుపడి, గబుక్కున మొహం తిప్పుకుని వెనక్కి వెళ్లిపోయాడు. ఆ రోజు ఆమె అన్నం ముట్టలేదు. పరువు తీసింది తను. తన సొంత ఇంట్లో అడుగుపెట్టలేని స్థితికి ఆ పెద్దమనిషిని తెచ్చింది తను. బట్టలు సంచిలో సర్దుకుని, "కామేశ్ వచ్చేదాకా మా అమ్మకాడికి ఎల్లిపోతానక్కా. బావగారు ఇంట్లోకి వత్తారు," అంది.

"నోర్ముయ్యే," అంది నీలమ్మ. ఆ సంచి లాక్కుని తన మంచం కిందికి తోసేసింది.

మర్నాడు సాయంత్రం గున్నయ్య ఒడ్డున పదిమందినీ కూర్చోబెట్టాడు. ఆడవాళ్లు ఎప్పట్లాగే దూరంగా నిలబడ్డారు. "దేవుడి దయవల్ల మనిషి దక్కినాడు," అని మొదలెట్టాడు గున్నయ్య. "కానీ తప్పు తప్పే. పిల్ల గంగమ్మకి పసుపు నీల్లోసి, దండమెట్టి, తప్పైపోనాదని అడిగేత్తే..."

"ఆగు సిన్నాన్నా." పోలారావు చెయ్యి డొక్కకి ఆనించుకుని మెల్లగా లేచాడు. మగవాళ్లని దాటుకుని ఆడవాళ్ల వైపు నడిచి, రమణికి నాలుగడుగుల దూరంలో ఆగాడు. ఆమె కొంగు కిందికి లాక్కుని వెనక్కి జరగబోయింది.

"జరక్కమ్మా రమణీ," అన్నాడు. ఆయన నోట ఆ పేరు అప్పటిదాకా ఎవరూ వినలేదు. "నానింట్లోకి రానిది సిగ్గొచ్చి కాదు. అడుగెట్టగానే నానేటి సెయ్యాల? మళ్లీ దగ్గాలా? నువ్వు మళ్లీ తప్పుకుంటావా? కన్నతల్లి ఒకపాలి ఇచ్చిన ఊపిరి పోతే నువ్వు రెండోపాలి ఇచ్చినావు. ఆ తల్లిని గోడెనక్కి ఎల్లమని ఎలా అనీది? ఏ మొగమెట్టుకుని నీకాడికి రావాలో తెలక ఆ పాకలో కూకున్నాను. అంతేనమ్మా."

నీలమ్మ అప్పటికే కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. పోలారావు జనం వైపు తిరిగాడు. "తప్పు సిన్నాన్నది కూడా కాదర్రా. మనకెవులికీ తెలీకపోడమే తప్పు. నన్ను తిప్పినట్టు ఎంతమందిని తిప్పి సంపుకున్నామో!" అని, చొక్కా విప్పి అక్కడే ఇసకలో వెల్లకిలా పడుకున్నాడు. "రామ్మా. సెయ్యెక్కడ వెయ్యాలో ఈలందరికీ సూపించు."

రమణి కాళ్లు ముందుకి పడ్డాయో, నీలమ్మే నెట్టిందో గానీ, ఆయన పక్కన మోకాళ్ల మీద కూర్చుంది. "బతికున్నోల మీద నొక్కకూడదు, ఊరికే సూపించడమే," అంది సన్నగా. యువరాజు అందరికంటే ముందొచ్చి కూర్చున్నాడు. కాస్సేపటికి గున్నయ్య కూడా కర్ర ఆనించుకుంటూ లేచి, చూపు ఆనదని గొణుక్కుంటూ దగ్గరికొచ్చాడు.

రమణి తన అరచేతిని ఆయన రొమ్ము నడిమధ్యన ఆనించింది. లోపల గుండె టకటకమని కొట్టుకుంటోంది. ఆమె కన్నీళ్లు టపటపమని ఆయన మీదే పడ్డాయి.

"ఏడుపు తరవాత ఏడుద్దువు గానీ, ముందు నేర్పమ్మా," అన్నాడు పోలారావు కళ్లు మూసుకునే. "తెల్లారితే ఈలు ఏటకెల్లాల."