చెరి నాలుగు అక్షరాలు

రెండు వేల మూడు ఎండాకాలంలో భూమవ్వ కూతుర్ని ఒక్కటే కోరిక కోరింది.

"గా డబ్బల నా పాట ఉన్నది గద బిడ్డా. ఒక్కపారి ఇనిపియ్యి. నా గొంతు ఎట్లుండెనో మరిసిపోయిన."

నలభై ఏళ్లు బీడీలు చుట్టిన మనిషి. తంబాకు దుమ్ము ఛాతీలో పేరుకుని నాలుగు మాటలకే ఆయాసం ముంచుకొస్తుంది, ఇంక పాటెక్కడిది. కూతురు గోదావరి కుట్టుమిషను ఆపి మూలకు చూసింది. అక్కడ పాత చీర కప్పుకుని, అలిగిన చుట్టంలా, ఐదేళ్లుగా కంప్యూటరు కూర్చుని ఉంది.

ఒకప్పుడు దానిది రాజభోగం. తొంభై ఆరులో గోదావరి, ఆమె స్నేహితురాలు నాగకుమారి కలిసి బోధన్‌లో, శక్కర్‌నగర్ రోడ్డు మీద గోదావరి వాళ్ల ఇంటి ముందుగదిలో చిన్న డీటీపీ సెంటర్ పెట్టారు. నాగకుమారి వాళ్లు కోస్తా నుంచి వచ్చి కాలువ కింద భూములు చేసుకుంటున్న రైతులు. చందూర్ దగ్గర, క్యాంపు అని పిలిచే వాళ్ల పల్లెలో ఇల్లు. కంప్యూటరు కోర్సులో పక్కపక్కన కూర్చుని, ఒకరి టిఫిన్ డబ్బాలో ఒకరు చెయ్యి పెట్టిన చనువుతో ఇద్దరూ దుకాణం దాకా వచ్చారు. ఆడపిల్లలు నడిపే కంప్యూటరు దుకాణమంటే ఊళ్లో వింత. పనిలేనివాళ్లు కూడా వచ్చి తొంగిచూసి పోయేవాళ్లు. తొంభై ఏడులో మైకు కొన్నరోజు, ఏం రికార్డు చేద్దామా అని ఆలోచించి నాగకుమారే దాన్ని భూమవ్వ ముందు పెట్టింది. ఆ పాటే ఇది.

పెళ్లి కార్డులతో మొదలైన పని పరీక్ష పేపర్ల దాకా వెళ్లింది. పరీక్ష పేపరంటే గుట్టు కదా. అందుకని ఇద్దరూ ఒక పద్ధతి పెట్టుకున్నారు. కంప్యూటరు వెయ్యగానే, ఇంకా ఏదీ కనబడకముందే, పాస్‌వర్డ్ అడుగుతుంది. ఎనిమిది అక్షరాలు. మొదటి నాలుగు నాగకుమారివి, తర్వాతి నాలుగు గోదావరివి. ఒకరు కొడుతున్నప్పుడు ఇంకొకరు గోడ మీది క్యాలెండర్ వైపు తిరగాలి. ఇద్దరూ ఉంటే తప్ప తెరుచుకోదు. ఈ ఉమ్మడి తాళం సంగతి వచ్చిన ప్రతి హెడ్మాస్టరుకూ చెప్పి గోదావరి మురిసిపోయేది.

ఆ తాళమే కొంప ముంచింది. తొంభై ఎనిమిదిలో ఒక బడి లెక్కల పేపరు పరీక్షకు ముందురోజే పిల్లల చేతుల్లో కనబడింది. గోదావరి నాగకుమారి వైపు తిరిగింది.

"నేనొక్కదాన్ని తెరువలేను, నువ్వొక్కదానివి తెరువలేవు. ఇద్దరం ఉన్నప్పుడే ఇంకో కాపీ తీసింది ఎవలు మరి?" అని అడిగింది.

ఆ అడగడంలోనే జవాబు ఉంది. నాగకుమారి లేచింది. తలుపు వెనక మేకుకు తగిలించిన సంచీ తీసుకుని, తన ఊరివైపు వెళ్లే వర్ని బస్సెక్కింది. మళ్లీ రాలేదు.

రెండేళ్లకు నిజం బయటపడింది. పేపరు ఆ బడి బీరువాలోంచే పోయిందట. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని పెద్దలు ఊరికే అన్నారా. క్యాంపుకు వెళ్లి తప్పు ఒప్పుకోవాలని గోదావరి ఎన్నిసార్లు అనుకుందో, ఏ మొహం పెట్టుకుని వెళ్లాలో తెలియక అన్నిసార్లూ ఆగిపోయింది. అప్పటికే దుకాణం మూసేసింది, కుట్టుమిషను కొనుక్కుంది, కంప్యూటరుకు చీర కప్పింది.

ఇప్పుడు అవ్వ పాట కావాలంటోంది. గోదావరి డబ్బాను గోనెసంచిలో చుట్టి, బస్సులో ఒళ్లో పెట్టుకుని నిజామాబాద్ తీసుకెళ్లింది. బస్టాండు దగ్గర నర్సింలు రిపేరు దుకాణం. సంగతంతా విని అతను నవ్వాడు.

"గింతేనా అక్కా? లోపల రూపాయి బిళ్లంత బ్యాటరీ ఉంటది. అది తీసి జరసేపు పక్కకు పెడితే పాస్‌వర్డ్ మరిసిపోతది. చాయ్ తాగేలోపట అయిపోతది."

అతను స్క్రూ డ్రైవర్ అందుకున్నాడు. ఒక స్క్రూ ఊడింది, రెండోది ఊడింది. గోదావరి చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆగన్నా. వద్దు. మల్ల బిగియ్యి."

"ఎందుకక్కా?"

"ఊకెనే."

నర్సింలు ఆమెను ఎగాదిగా చూసి మళ్లీ బిగించాడు. తిరుగు బస్సులో ఒళ్లో ఆ బరువు మోస్తూ గోదావరి తనను తానే తిట్టుకుంది. కానీ ఆ బ్యాటరీ తీసేస్తే, నాగకుమారితో తనకు మిగిలిన ఒక్క పనీ అయిపోతుంది. ఆమెను పిలవడానికి ఇంక ఏ వంకా ఉండదు. ఈ సంగతి ఎడపల్లి దాటాక గానీ ఆమె తనతో తాను ఒప్పుకోలేదు.

బస్సు దిగి ఎస్టీడీ బూతుకే వెళ్లి నాగకుమారికి ఫోన్ చేసింది.

"అవ్వ పాట ఇంటదట. నీ నాలుగక్షరాలు కావాలె."

 "ఫోన్లో చెప్పేస్తే సరిపోదా?" అంది నాగకుమారి.

"సరిపోదు. పద్ధతి పద్ధతే."

"గురువారం వస్తాను. నాలుగింటి బస్సుకి వెళ్లిపోవాలి."

నాగకుమారి గురువారం వచ్చింది. చెంపల దగ్గర జుట్టు నెరిసింది. తెచ్చిన మామిడికాయలు భూమవ్వ ముందు పోసి, సంచీ ఒళ్లోనే పెట్టుకుని కూర్చుంది. భూమవ్వ "సిక్కినవ్ బిడ్డా" అని ఆమె చెయ్యి నిమిరింది. స్నేహితురాళ్లిద్దరి మధ్యా మంచినీళ్ల మాట తప్ప ఇంకో మాట లేదు.

గోదావరి స్విచ్చి వేసి గోడవైపు తిరిగింది. నాలుగు చప్పుళ్లు, తడబాటు లేకుండా. తర్వాత నాగకుమారి తిరిగింది, గోదావరి తన నాలుగూ కొట్టింది. తప్పని వచ్చింది. ఇంకోసారి కొట్టారు. మూడోసారికి తెర బిగుసుకుపోయింది.

"నీ అక్షరాలు సరిగ్గ కొట్టినవా?" అంది గోదావరి. అన్నాక నాలుక కరుచుకుంది. ఐదేళ్ల కిందట అడిగిన గొంతే అది.

"నావి సరైనవే. మర్చిపోతానేమోనని అప్పుడప్పుడూ కాగితం మీద రాసి చించేస్తుండేదాన్ని," అంది నాగకుమారి నెమ్మదిగా.

గోదావరి తన వేళ్లకేసి చూసుకుంది. తనవే అనుకున్న నాలుగు అక్షరాలు తనవి కావు. తాళం తాళం అని ఊరంతా చాటిన మనిషే తన సగం పారేసుకుంది. "మరిసిపోయింది నేనే," అంది.

"స్క్రూ డ్రైవర్ ఉందా?"

కుట్టుమిషను సొరుగులోది ఇచ్చింది. నాగకుమారి మూత విప్పి, దుమ్ము ఊది, గోటితో బ్యాటరీ ఎత్తి అరచేతిలో పెట్టుకుంది. "పావుగంట ఆగాలి."

"నీకు ఎర్కనా గిది?"

"కోర్సులోనే చెప్పారు. ఆ రోజు నువ్వు రాలేదు, అవ్వకి జ్వరం. తాళం వేసితిని గొళ్లెం మరిచితిని అన్నట్టే మన తాళం. నువ్వంత మురిసిపోతుంటే చెప్పబుద్ధి కాలేదు."

"మరి ఆనాడెందుకు చెప్పలే? ఎవలైనా తెరువచ్చంటే నీ మీద మాట రాకపోవు గద."

నాగకుమారి బ్యాటరీని వేళ్ల మధ్య తిప్పింది. "చెప్తే తాళాన్ని బట్టి నన్ను నమ్మేదానివి. తాళం లేకపోయినా నమ్ముతావనుకున్నా."

గోదావరికి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "తప్పు నాదే నాగా. గా పేపరు బడిలకెళ్లే పోయిందని మూడేండ్ల సంది ఎర్క. నీ మొకం సూడలేక రాలే."

"నాకూ తెలిసింది. వస్తావని చూశాను."

"ఈ బ్యాటరీ సంగతి గూడ ఎర్కనే. మొన్న నిజామాబాద్ల చెప్పిండ్రు."

"మరి నన్నెందుకు పిలిచావ్?"

 బీడీల చాట ముందు తునికాకు కత్తిరిస్తున్న భూమవ్వే అందుకుంది. "అంత దూరం డబ్బను మోస్కపోయి, తాళంతోనే మల్ల మోస్కచ్చింది. నాకు అప్పుడే సమజైంది. పావుగంట అయిందా లేదా సూడుండ్రి."

నాగకుమారికి నవ్వొచ్చింది, నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. బ్యాటరీ మళ్లీ పెట్టి స్విచ్చి వేసింది. ఈసారి అది ఏమీ అడగలేదు. పాస్‌వర్డ్‌తో పాటు అన్నీ మర్చిపోయింది. హార్డ్ డిస్కు ఉందని కూడా నాగకుమారే దానికి మళ్లీ చెప్పాల్సి వచ్చింది. తారీఖు పంతొమ్మిది వందల ఎనభై, జనవరి ఒకటి అని చూపిస్తోంది.

స్పీకర్లు గరగరమన్నాయి. ముందు ఇరవై నాలుగేళ్ల నాగకుమారి గొంతు: "అవ్వా, ఇందులోకి చూసి పాడు." తర్వాత భూమవ్వ.

"తునికాకు తుంపంగ తూర్పు తెల్లారె, దారమూ సుట్టంగ దినమెల్లిపాయె..."

చాటలో కత్తెర ఆగిపోయింది. ఆ నిండు గొంతు తనదేనా అన్నట్టు భూమవ్వ పెట్టెకేసి చూసింది. రెండో చరణం ఎత్తుకోబోతుండగా పాటలోకి ఊళ్లోని చక్కెర ఫ్యాక్టరీ సైరన్ దూరింది, మధ్యాహ్నం రెండు గంటల షిఫ్టుది. పెట్టెలోని భూమవ్వ ఆపేసింది. "ఆగుండ్రి. కూత అయినంక పాడుత." పెట్టెలోంచే ఇద్దరు ఆడపిల్లలు కిసుక్కున నవ్వారు.

నాగకుమారి గోడ గడియారం చూసింది. నాలుగవడానికి పది నిమిషాలుంది. గోదావరి ఆమె ఒళ్లోని సంచీ తీసుకుని, లేచి, తలుపు వెనక మేకుకు తగిలించి వచ్చింది. నాగకుమారి వద్దనలేదు.

ఆరేళ్ల కిందటి సైరన్ ఆగేదాకా ముగ్గురూ కదలకుండా కూర్చున్నారు. తర్వాత భూమవ్వ పాట మళ్లీ మొదలైంది.