టీషర్టు సంతకాలు

తెల్లవారి ఐదున్నరకి చినదిబ్బపాలెం ఆడవాళ్లు నడకకని వెళ్లేసరికి గ్రౌండు చుట్టూ ఇనప స్తంభాలు పాతి ఉన్నాయి. మూడు వైపులా ముళ్లతీగ లాగేశారు. రోడ్డు ఉన్న నాలుగో వైపు ఇద్దరు గార్డులు కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. గ్రౌండు మధ్యలో పసుపుపచ్చ ప్రొక్లెయిన్ ఒకటి తొండం నేలకి ఆనించి నిలబడి ఉంది. దాని ముందు నడుము లోతు గొయ్యి. ఆ గొయ్యి కబడ్డీ కోర్టుని అడ్డంగా చీల్చుకుంటూ పోయింది.

దేముడమ్మకి ఇవేవీ సరిగా ఆనలేదు. డెబ్బై ఏళ్ల మనిషి, పన్నెండేళ్లుగా షుగరు, చూపు సగం పోయింది. రోజూ నడిచే దారే కదా అని కర్ర పొడుచుకుంటూ గార్డుల మధ్య నుంచి లోపలికి వెళ్లబోయింది. ఒక గార్డు లేచి జబ్బ పట్టుకుని వెనక్కి తోశాడు. ముసలమ్మ కంకర మీద కూలబడింది.

"ఏట్రా నాయినా, రోజూ నడిసే జాగా కాదేటి ఇది?" అంది, కూర్చున్న చోటి నుంచే.

"ఇంక కాదు. మీరే సంతకాలు పెట్టి ఇచ్చేశారుగా. పోయి పంచాయతీలో అడుక్కోండి," అన్నాడు గార్డు. అతనిది ఈ ఊరు కాదు.

దేముడమ్మని లేవదీసింది కృపావతి. ఊరి ఆశా కార్యకర్త. ముసలమ్మ మోచెయ్యి దోక్కుపోయి నెత్తురు కారుతోంది. షుగరు మనిషికి పుండు పడితే మానదని కృపావతికి తెలుసు. అయినా ఆ క్షణాన ఆమె నెత్తురు వైపు చూడలేదు. సంతకాలు అన్న మాట దగ్గరే ఆగిపోయింది.

ఈ నడక మొదలుపెట్టించింది ఆమే. రెండేళ్ల కిందట, అంటే రెండువేల ఆరులో, ఆరోగ్య కేంద్రం డాక్టరమ్మ ఊళ్లో రక్తపరీక్షలు చేసి, నలభై దాటినవాళ్లలో ప్రతి ముగ్గురిలో ఒకరికి బీపీయో షుగరో ఉందని తేల్చింది. ఒకప్పుడు చెరుకు నరికి, ఊడ్పులు ఊడ్చి, కావిడి మోసి అలిసిన ఒళ్లు అవి. పరవాడ వైపు భూములు కంపెనీలకి పోయాక ఆ ఒళ్లు పనిలేక అరుగుల మీద కూర్చుండిపోయాయి. మాత్రలు మింగితే చాలదు, రోజూ అరగంట నడవాలి అంది డాక్టరమ్మ. ఊరు నవ్వింది. ఎక్కడికీ వెళ్లే పని లేకుండా ఎవరైనా నడుస్తారా?

కృపావతి నడిచింది. మొదటి వారం ఒక్కతీ, తర్వాత దేముడమ్మతో. చుట్టుకొక ప్రభువు ప్రార్థన చొప్పున కృపావతి లెక్క పెట్టుకునేది. దేముడమ్మ నూకాలమ్మ పేరు చెప్పుకుంటూ నడిచేది. ఇద్దరి చుట్లూ ఒకేసారి పూర్తయ్యేవి. ఏ దేవుడూ అభ్యంతరం చెప్పలేదు. ఆరు నెలలకి నలభై మంది ఆడవాళ్లు పోగయ్యారు. అనకాపల్లిలో డిగ్రీ చదువుతూ కాలేజీ కబడ్డీ జట్టుకి కెప్టెన్ అయిన కుమారి, ఊళ్లోని ఆడపిల్లల్ని కూడగట్టి గ్రౌండు మధ్యలో ఆట నేర్పసాగింది. బయట పెద్దవాళ్ల నడక, లోపల పిల్లల కూత. దేముడమ్మ కాలి తిమ్మిర్లు తగ్గాయి. మందులు సగానికి వచ్చాయి. ఇంతకన్నా చవకైన వైద్యం ఏ సర్కారు ఇవ్వగలదు?

సరిగ్గా అప్పుడే సన్యాసిరావు ఆమె ఇంటికి వచ్చాడు. ఊరివాడే, పరవాడ వైపు కంపెనీ ఒకదానికి మట్టి పనుల కాంట్రాక్టరు. మీరు చేసే పని చూసి కంపెనీవాళ్లు ముచ్చటపడ్డారు చెల్లెమ్మా అన్నాడు. ఆరోగ్య నడక అని పెద్దగా చేద్దామన్నాడు. బ్యానరూ మజ్జిగా మావే, మనిషికో టీషర్టు, నువ్వు పేర్లూ సైజులూ రాయించి సంతకాలు పెట్టించు చాలన్నాడు.

కృపావతి అట్ట పట్టుకుని ఇల్లిల్లూ తిరిగింది. పోలియో చుక్కలకీ దోమతెరలకీ ఐరన్ మాత్రలకీ ఆమె అట్ట చాపితే ఊరు సంతకం పెట్టడం అలవాటే. ఏమిటని అడిగినవాళ్లు లేరు. కాగితం పైభాగం క్లిప్పు కింద మడత పెట్టి ఉంది. ఆ మడత విప్పి చూడాలని ఆమెకీ తోచలేదు. మొదటి సంతకం తనదే, మొత్తం నూట నలభై మూడు. పచ్చ టీషర్టులు తొడుక్కుని అందరూ ఊరి చివరి దాకా నడిచారు. ఫొటోలు తీశారు. మజ్జిగ బాగుందన్నారు.

ఊరిని నడవమన్న కంపెనీ, ఊరు నడిచే నేలనే ఎందుకు కోరుకుంటుంది?

పది గంటలకి పంచాయతీ ఆఫీసు ముందు జనం నిండిపోయారు. కార్యదర్శి తలెత్తకుండా ఒక జిరాక్సు కాగితం బల్ల మీద పెట్టాడు. కుర్చీలో కూర్చున్నది మాత్రం సన్యాసిరావు. కుమారి తండ్రి త్రినాధరావు, చెరుకు రైతు, కళ్లజోడు సర్దుకుని పైకి చదివాడు. గ్రామస్థులు ఇష్టపూర్వకంగా గ్రౌండుని కంపెనీ మురుగునీటి చెరువు కోసం ముప్పై మూడేళ్ల లీజుకి ఇవ్వడానికి సమ్మతించారట. కింద సంతకాలు. త్రినాధరావు మొదటి పేరు చదివి ఆగిపోయాడు. జనం తలలన్నీ మెల్లగా కృపావతి వైపు తిరిగాయి.

ఆమె ముందుకి వచ్చి కాగితం మీదికి వంగింది. తన పేరు, తన చేతిరాత. కాగితం అంచు కత్తిరించి జిరాక్సు తీశారు గానీ, సరిగ్గా కత్తిరించలేదు. పేర్ల పక్కన కొన్నిచోట్ల ఇంగ్లీషు అక్షరాలు సగం సగం మిగిలిపోయాయి. తన పక్కన ఎల్. దేముడమ్మ వేలిముద్ర పక్కన ఎమ్.

"అన్నా, ఈ అచ్చరాలు ఏటి?" అని అడిగింది.

"ఆపీసు గుర్తులు. అయన్నీ నీకెందుకు గానీ, ఆ సంతకం నీదా కాదా, అది సెప్పు."

"నాదే."

"అయిపోయింది గదా." సన్యాసిరావు గొంతు తగ్గించాడు. "సూడు చెల్లెమ్మా, ఊరందరి సేతా పెట్టించింది నువ్వు. మోసం గీసం అని ఎవరైనా కేసెడితే ముందు బొక్కలోకి ఎళ్లేది నువ్వే. బాగా ఆలోసించుకో."

అతను కోపంగా అనలేదు. ఇంటికి వెళ్లే దారిలో ఎవరూ ఆమెని పలకరించలేదు. గాలి కంపెనీ వైపు నుంచి కుళ్లిన గుడ్ల వాసన మోసుకొచ్చింది. ఇలాంటి చెరువే తవ్విన పక్క ఊళ్లో బోరు నీళ్లు తేయాకు రంగుకి తిరిగాయని ఆమె కళ్లారా చూసింది.

భర్త తిమోతి అదే కంపెనీలో బాయిలరు దగ్గర ఎనిమిదేళ్లుగా కాంట్రాక్టు కూలీ. సాయంత్రం షిఫ్టు దిగి వచ్చి, బూట్లు విప్పకుండానే కూర్చున్నాడు. సూపర్‌వైజరు పిలిచి చెప్పాడట, రేపు పొద్దున నీ భార్య గ్రౌండులో కనిపిస్తే నీకు గేటు పాసు ఉండదని. ఈ మాట ఆయన ఒక్కడికే చెప్పలేదు. పాలెం నుంచి బస్సెక్కే ముప్పై మందికీ చెప్పాడు.

"ఒగ్గీ కిరపా. గ్రౌండు లేపోతే సచ్చిపోతామేటి," అన్నాడు తిమోతి. అని, చాలాసేపు దగ్గాడు.

అన్నం ముందు ప్రార్థన ఎప్పుడూ ఆయనే చేస్తాడు. ఆ పూట మొదలుపెట్టి మధ్యలో ఆపేశాడు. కృపావతి కళ్లు మూసుకునే ఉంది. తప్పు ఒప్పుకుంటే ప్రభువు క్షమిస్తాడు, అందులో ఆమెకి అనుమానం లేదు. మరి ఊరో? ఊరి ముందు నోరు విప్పకుండా దేవుడి ముందు మాత్రమే ఒప్పుకుంటే, అది ఒప్పుకోవడమేనా?

అన్నం అలాగే వదిలి లేచింది. పొద్దు ఇంకా గూకలేదు. త్రినాధరావు బెల్లం వండే పాకలో ఊరు పోగై ఉంది. ఆ రోజు పొయ్యి రాజేయలేదు. ఆమె లోపలికి రాగానే మాటలు ఆగిపోయాయి.

"తప్పు నాదే," అంది కృపావతి. "మడత ఇప్పి సూడకుండా మీ అందరి సేతా పెట్టించేను. నా మీద నమ్మకంతోటి పెట్టేరు. రేపు పోలీసులొత్తే ఆ మాట నానే సెప్తాను. జైల్లో ఎడితే ఎట్టనీ."

ఒకామె దుమ్మెత్తి పోసింది. దోమతెరలు ఇచ్చిన చేత్తోనే గొంతు కోశావంది. కృపావతి తల వంచుకుని విన్నది. త్రినాధరావు వాదన వేరు. సంతకాలు ఎలా పోతే ఏం, చెరువు వస్తే ఇంటికో ఉద్యోగం అంటున్నారు, చెరుకుకి ధర లేదు, బెల్లం మార్కెట్లో మన మాట చెల్లదు, ఆడుకునే నేల కోసం తినే కూడు పోగొట్టుకుందామా అన్నాడు. చాలామంది మగవాళ్లు తలూపారు.

కుమారి లేచింది. "నాన్నా, భూములు తీసుకున్నప్పుడూ ఇంటికో ఉజ్జోగం అనే అన్నారు. ఎంతమందికి ఇచ్చేరు? తిమోతి మావకి ఇచ్చేరు. ఆ మావ ఇప్పుడు మేడ మెట్లు ఎక్కలేడు. ఒళ్లు బాగున్నోడికే పని ఇత్తారు, పని సేయించి ఒళ్లు పాడు సేత్తారు, పాడైపోనాక తోసేత్తారు. మనకి ఒళ్లు తప్ప ఇంకేటుంది? అది బాగుసేసుకునే జాగా కూడా ఇచ్చేద్దామా?"

"కూతురు బాగా సెప్తంది బావా, నువ్వూ నేర్సుకో," అన్నాడెవరో వెనక నుంచి.

దేముడమ్మ మోచేతికి కట్టు కట్టించుకుని ఓ మూల కూర్చుంది. "ఇదిగో కిరపా, ఆ కాయితం మీద నా పక్కన ఏదో అచ్చరం ఉందన్నావు, అదేటే?"

"ఎమ్ పెద్దమ్మా. నీ టీసర్టు సైజు."

"మరి గ్రౌండు ఇచ్చీడానికి నా కొలతలెందుకంటాడు? గొయ్యి నా సైజులో తవ్వుతాడేటి?"

పాక పగలబడి నవ్వింది. నవ్వు ఆగాక అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముసలమ్మ నవ్వులాటకి అన్న మాట నిజంలా వినిపించింది. పొద్దున ఏం చేయాలో అప్పుడు తేలింది. తేల్చింది ఏ ఒక్కరూ కాదు. ఒకరు టీషర్టులన్నారు, ఒకరు నడకన్నారు, కృపావతిని తిట్టినామె అయితే ఎవరి సైజు వారే నోటితో చెప్పాలంది.

మర్నాడు పొద్దున ఆరున్నరకే తిమోతి క్యారియరు తీసుకుని బస్సు ఎక్కడానికి వెళ్లిపోయాడు. కృపావతి పచ్చ టీషర్టు చీర మీద తొడుక్కుని బయల్దేరింది.

ఏడింటికి తహశీల్దారు జీపు, రెండు పోలీసు వ్యాన్లు వచ్చేసరికి గ్రౌండు పచ్చగా కదులుతోంది. గార్డులు ఇద్దరే, వచ్చినవాళ్లు నూటికి పైన. తోసే వీల్లేకపోయింది. ఊరు మామూలుగా నడిచే చుట్టే నడుస్తోంది. నినాదాలు లేవు. కుమారి జట్టు ప్రొక్లెయిన్ ముందు చేతులు పట్టుకుని గొలుసుకట్టి నిలబడింది. యంత్రం ఇంజను వేసే ఉంది, నేల సన్నగా వణుకుతోంది.

సన్యాసిరావు తహశీల్దారు చేతికి కాగితం ఇచ్చాడు. కృపావతి నడక ఆపి ఆయన ముందుకి వచ్చింది.

"సార్, మొదటి సంతకం నాది. నా పేరు కృపావతి, నా సైజు ఎల్. టీషర్టుకి పెట్టేను, గ్రౌండుకి కాదు. ఊరి సేత పెట్టించింది కూడా నానే."

ఆమె పక్కకి తప్పుకోలేదు. దేముడమ్మ వచ్చి నిలబడింది. పేరు చెప్పింది, ఎమ్ అంది. తర్వాత ఇంకొకామె, ఎక్సెల్. ఒక్కొక్కరే వచ్చి పేరూ సైజూ చెప్పి మళ్లీ చుట్టులో కలుస్తున్నారు. తహశీల్దారు కాగితం మీద వేలు పెట్టి చూస్తున్నాడు. కత్తిరించిన అంచున మిగిలిన ప్రతి అక్షరం సరిపోతోంది. ముప్పయ్యో మనిషి దగ్గర ఆయన వేలు ఆగిపోయింది. ఆ మనిషి త్రినాధరావు. "డబుల్ ఎక్సెల్ సార్. వదులైపోనాది," అన్నాడు, కూతురి వైపు చూడకుండా.

తహశీల్దారు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆయనకి అర్థం కాలేదని ఎవరూ అనలేరు. "ఇదంతా కోర్టులో చెప్పుకోండి. ఈ రోజు స్వాధీనం చేయమని నాకు ఆర్డరుంది," అని జీపెక్కి కూర్చున్నాడు. నిజం కళ్ల ముందు నిలబడి తన కొలతలు చెప్పినా ఆర్డరు మారదు. ఈ పాఠం ఊరు ఆ ఉదయమే నేర్చుకుంది.

పోలీసులు దిగారు. మోసం చేసి సంతకాలు పెట్టించిందన్న కేసు మీద ముందుగా కృపావతినే పట్టుకుని వ్యాను ఎక్కించారు. సన్యాసిరావు మాట తప్పే మనిషి కాదు. కుమారినీ ఆమె జట్టునీ ఈడ్చుకుంటూ తెచ్చి ఎక్కించారు. దేముడమ్మ తనే ఎక్కింది, ఎవరో చెయ్యి అందిస్తే వద్దంది. గ్రౌండులో మిగిలినవాళ్ల మీద లాఠీలు లేచాయి. చుట్టు చెదిరింది, మళ్లీ అతుక్కుంది, మళ్లీ చెదిరింది. ప్రొక్లెయిన్ తొండం పైకి లేచింది.

వ్యాను రోడ్డెక్కి ఆగిపోయింది. జనం పరుగులతో రోడ్డు మూసుకుపోయి, ఎదురుగా కంపెనీ మొదటి షిఫ్టు బస్సు నిలిచిపోయి ఉంది. అద్దాల వెనక మగవాళ్ల మొహాలు. వాళ్ల తల్లులూ పెళ్లాలూ కూతుళ్లూ దెబ్బలు తినడం వాళ్లు చూస్తున్నారు. ఎంతసేపు చూశారో. కృపావతి ప్రార్థన చేయలేదు, చేయాలని గుర్తుకు రాలేదు.

బస్సు తలుపు తెరుచుకుంది. తిమోతి దిగాడు. మెడలోని గేటు పాసు తీసి క్యారియరు సంచిలో వేశాడు. వ్యాను వైపు చూడలేదు. దగ్గుకుంటూ, తొందరపడకుండా, లాఠీల మధ్య నుంచే గ్రౌండులోకి వెళ్లి చుట్టులో కలిసి నడవడం మొదలుపెట్టాడు.

"ఎవులే దిగింది?" అంది దేముడమ్మ, కిటికీ వైపు మొహం పెట్టి.

"మా ఆయన."

"ఒక్కడేనా?"

పరవాడ వైపు నుంచి మరో రెండు పోలీసు వ్యాన్లు దుమ్ము లేపుకుంటూ వస్తున్నాయి. బస్సు మెట్ల మీద ఇంకా కాళ్లు కదులుతూనే ఉన్నాయి. ఆఖరివాడు దిగేదాకా ఆమె చూసింది.

"బస్సులో డ్రైవరొక్కడే మిగిలేడు పెద్దమ్మా," అంది.