నాలుగు కాళ్ల అక్షరాలు

సూర్యాపేట నుంచి మిర్యాలగూడ దాకా మనుషులకు చదువు చెప్పిన పంతుళ్లు బోలెడుమంది. ఇరవై రోజుల్లో నూట అరవై గొర్రెలకు అక్షరాలు నేర్పిన ఘనుడు మాత్రం గౌరయ్య ఒక్కడే. నమ్మనివాళ్లు ఆత్మకూరు వెళ్లి విచారించుకోవచ్చు. ఆ గొర్రెలు ఇప్పుడు లేవు కనుక కాదనే సాక్షి కూడా లేడు.

పోలీసు చర్య జరిగిన మరుసటి ఏడు సంగతి. కోదాడ కుర్రవాడు గౌరయ్యకు ఆత్మకూరులో పెద్దవాళ్ల బడి అప్పగించారు. అదే అతని మొదటి కొలువు. అంతకుముందు సూర్యాపేటలో నెల రోజులు తర్ఫీదు ఇచ్చారు. ఏం నేర్పాలో ముందు తేల్చుకో, దాన్ని ఏ వస్తువుతో నేర్పాలో తర్వాత ఎంచుకో అన్నారు. గౌరయ్య శ్రద్ధగా ఎంచుకున్నాడు. 'ఏ'కు ఏనుగు, 'ఓ'కు ఓడ, యాభై కాగితపు పటాలు, అన్నీ రంగుల్లో.

దీపాలు పెట్టే వేళకు గొర్లకాపరులు పదకొండుమంది వచ్చి కూర్చునేవారు. ఓడ పటాన్ని గట్టయ్య చాలాసేపు పరీక్షించాడు.

"తొట్టి మంచిగనే ఉన్నది గానీ పంతులూ, నీళ్లు లోపలుండాలె గదా, బయటున్నయేంది?"

అందరూ నవ్వారు. నవ్వి, కునుకు తీశారు.

పది రోజులైనా ఒక్క అక్షరం ఎవరికీ నిలవలేదు. అంతలో మిర్యాలగూడ నుంచి కబురు వచ్చింది. ఇరవై రోజుల్లో ఇన్‌స్పెక్టరు తనిఖీకి వస్తాడు. చదవగలిగినవాళ్లు ఒక్కరైనా లేకపోతే బడి ఎత్తేస్తారు.

మర్నాడు పొద్దున గౌరయ్య దిగులుగా గొర్ల దొడ్డి వైపు నడిచాడు. వాగు దగ్గర మందలన్నీ కలిసిపోయినట్టున్నాయి. గట్టయ్య వదిన సైదమ్మ తలుపు దగ్గర నిలబడి, ఒక్కో గొర్రె చెవి చూసి "మాది... లచ్చయ్యది... మాది" అంటూ విడదీస్తోంది. ఒక్కో ఇంటి గొర్రెల చెవులకు ఒక్కో తీరు గాటు.

"ఇన్ని గాట్లు ఎలా గుర్తుంటాయి పెద్దమ్మా?"

"కొత్త కోడలొస్తే మొదలు మన గాటొక్కటే సూపిస్త బిడ్డా. గది పట్టువడ్డంక, దాని లెక్కనే ఉండే పక్కింటోళ్ల గాటు సూపిస్త. ఏడ తేడా ఉన్నదో సెప్పమంట. నువ్వేమో యాభై గాట్లు ఒక్కపారే గోడకేస్తివి. పైంగ ఏనుగొకటి! మాకు ఏనుగెందుకు పంతులూ, గొర్రె లేదా?"

గౌరయ్య తన పాఠాల కాగితాలను తిరగేసి, వెనకవైపు కొత్త పాఠం రాసుకున్నాడు. జాజు మట్టి ఎర్రగా కలిపి, ప్రతి గొర్రె డొక్క మీద దాని యజమాని పేరులోని మొదటి అక్షరం రాశాడు. గట్టయ్యకు గ, నర్సమ్మకు న. వజ్రమ్మ 'వ' వచ్చాకే మత్తయ్య 'మ'. రెండింటికీ తోక ఒక్కటే తేడా. ఇక సాయంత్రం మందను విడదీయడమే చదువు. రెండు గొర్రెలు పక్కపక్కన నిలబడితే ఒక మాట.

మొదట గొప్పలు పోయాను గానీ, గొర్రెలకు ఒక్క ముక్కా రాలేదు. పాపం, మోసుకు తిరిగాయంతే. నేర్పినవాడు గౌరయ్యా కాదు. ఆయన నేర్చుకున్నాడు.

ఇన్‌స్పెక్టరు వచ్చి, దొడ్డి చూసి ముక్కు చిట్లించాడు.

"గొర్రె మీద చదివితే చదువవుతుందా? పలక తెండి."

పలక మీద 'మన' అని రాసి గట్టయ్యకు ఇచ్చాడు. గట్టయ్య పలకను అటు తిప్పాడు, ఇటు తిప్పాడు, వెనక కూడా చూశాడు. గొర్రె మీది నుంచి పలక మీదికి దారి వేయడమే గౌరయ్య మరిచిపోయాడు. ఇన్‌స్పెక్టరు కలం తీశాడు.

"జర ఆగు దొరా" అంటూ సైదమ్మ బలపం అందుకుంది. 'మ' కింద నాలుగు కాళ్లు, ముందొక తల గీసింది. 'న'కూ అంతే.

"గట్టయ్యా, గిప్పుడు సూడు. ఎవలియి?"

"అరె వదినా, గిది మత్తయ్యది, గిది నర్సమ్మది! మ... న... మన!"

సైదమ్మ వేలితో కాళ్లు తుడిచింది. "ఇప్పుడు?"

"మన."

తలలూ తుడిచింది. "ఇప్పుడు?"

"ఎన్నిపార్లడుగుతవ్? కాళ్లు తుడిస్తె గొర్రె పరాయోళ్లదైతదా? మన!"

ఇన్‌స్పెక్టరు నవ్వాపుకోలేక, బడి నడవాల్సిందేనని రాసి వెళ్లాడు.

"నాకు గురువువు నువ్వే పెద్దమ్మా. ఏం కావాలో అడుగు" అన్నాడు గౌరయ్య, కళ్లు తుడుచుకుంటూ.

"గా ఏనుగునియ్యి బిడ్డా. దొడ్డి తడికెకు బొక్క వడ్డది, అడ్డం కడ్త."

ఇచ్చాడు. తర్వాత ఎన్ని బడుల్లో పనిచేసినా, కొత్త పాఠం వేసుకునే ముందు కాగితం పైన 'గొర్రె లేదా?' అని రాసుకునేవాడు. అదే సైదమ్మకు ఆయన పెట్టే దండం.

ఇక ఆ ఏనుగును చూసి హడలిపోయిన తోడేళ్లు ఎక్కడో దూరాన ఉన్న హాలియా దాటేదాకా వెనుదిరగలేదు. నిజం చెప్పాలంటే, ఈ తోడేళ్ల ముక్క ఒక్కటే నేను అల్లింది. ఆ ఏనుగును మూడోనాడే గట్టయ్య మేకపోతు తినేసింది.