ఆవగింజంత కన్ను

మా ఆవిడ పద్మిని తుపాకి కొనుక్కుంటానన్నప్పుడు నేను అడిగిన మొదటి ప్రశ్న, "ఎవరి మీదికి?" అని. ఇంట్లో ఉండేది మేమిద్దరమే కనుక, ఆ జవాబు నాకు కొంచెం అవసరం.

"కాగితం మీదికి," అంది పద్మిని, పెసరపప్పు కడుగుతూ.

"కాగితం ఏం పాపం చేసింది?"

"మాట్లాడదు. అందుకే నచ్చింది."

ఈ దెబ్బ నాకే తగిలిందని గ్రహించడానికి నాకు గురి అక్కర్లేదు. బెంటన్‌విల్‌లో నా నోరు తెలియని తెలుగువాడు లేడు. పేరు ఆదిశేషు. పురాణంలోని ఆదిశేషుడికి వెయ్యి నాలుకలంటారు. నావి ఇంకా లెక్క తేలలేదు.

పద్మిని ఆసుపత్రిలో ఫార్మసిస్టు. ఫిబ్రవరిలో తోటి ఉద్యోగిని ఒకావిడ ఆమెను ఊరి బయట తుపాకి కాల్చడం నేర్పే రేంజ్‌లో ఆడవాళ్ళ క్లాసుకి తీసుకెళ్ళింది. ఒక్కసారి చూసొస్తానని వెళ్ళిన మనిషి ఆ తర్వాత ప్రతి శనివారం వెళ్ళింది. అక్కడ నేర్పే పెద్దాయన ఎర్ల్. డెబ్బై ఆరేళ్ళు, మిలిటరీ క్రాఫు, రోజుకి ఇరవై మాటలకు మించి ఖర్చుపెట్టడు. ఆయన ఒకరోజు నన్ను పక్కకి పిలిచి, "మీ ఆవిడ చేతుల్లో గుండె చప్పుడు వినపడదు," అన్నాడు. నేను హడలిపోయాను. అది మెచ్చుకోలని కారెక్కాక పద్మిని చెప్పింది.

ఎర్ల్‌కి ఐదుగురి జట్టు ఉంది. భూతద్దాలు, దుర్భిణీలు లేకుండా ఉత్త కంటితో కాల్చేవాళ్ళని నాకు తర్వాత తెలిసింది. అందులో ఒకాయన టల్సా వెళ్ళిపోయాడు. ఖాళీ ఒక్కటి. దసరా వెళ్ళిన శనివారం పరీక్ష: ఇరవై గుళ్ళు, రెండు వందల మార్కులకి నూట ఎనభై రావాలి. క్లబ్బు తుపాకి కుదరదు, సొంతది ఉండాలి. ఇది పోతే మళ్ళీ ఖాళీ ఎప్పుడో తెలియదు. ఇంతకు ముందుది వచ్చి తొమ్మిదేళ్ళయిందట.

"నాకిది కావాలండీ," అంది పద్మిని ఆ రాత్రి భోజనాల దగ్గర. కూర కావాలన్నట్టు కాదు, మామూలుగా నేను వినే గొంతు కాదది. నేను జోకు వెయ్యబోయి నీళ్ళు తాగాను.

ఆగస్టులో ఎర్ల్ గరాజ్‌లో ఆయనా పద్మినీ కూర్చుని తుపాకి కూర్చారు. గొట్టం కొత్తది, భుజానికి ఆనించే చెక్క ఎవరో అమ్మేసిన పాతది, గుండు చిటికెనవేలి గోరంత. ఇక మిగిలింది గురి చూసే సరంజామా. దాన్నే సైట్ అంటారు.

"సైట్ సంగతి నాకొదిలెయ్ పద్దూ," అన్నాను. "కాలేజీలో సైట్ కొట్టినవాణ్ణి. శంషాబాద్ దగ్గర సైట్ కొన్నవాణ్ణి. పగలంతా ఆఫీసులో సైట్ మెయింటైన్ చేసేవాణ్ణి. నలభై దాటాక నాకే సైట్ వచ్చింది. నాకంటే అర్హుడెవడు?"

"ఎర్ల్‌ని అడుగుదాం."

"ఎర్ల్ దగ్గర ఇరవై మాటలే ఉన్నాయి. నా దగ్గర ఇంటర్నెట్ ఉంది."

ఆఫీసులో నా పక్క సీటు దివాకర్‌ది. వరంగల్ పిల్లగాడు, హెచ్-వన్ మీద ఉన్నాడు. "అన్నా, నా వీసాకి నేను తుపాకి జోలికి పోను గానీ, రివ్యూలు చదవనీకి ఏం రోగం? ఎక్సెల్ ఓపెన్ చెయ్," అన్నాడు. నలభై మూడు వరసలు, పదహారు నిలువు గడులు, ఒక్కో గుణానికి ఒక్కో తూకం. మిక్సీ కొన్నా, ఇల్లు కొన్నా, పిల్లాడికి కాలేజీ చూసినా మనం చేసేది ఇదే కదా. మొదటి స్థానంలో ఒక దుర్భిణీ వచ్చింది. దానికి తగిన పట్టీ కావాలి. పట్టీ బిగించడానికి గొట్టం మీద రెయిల్ కావాలి. రెయిల్ ఉందిగా అని దాని మీద టార్చీ ఎక్కించాం, వాలు తెలియడానికి రసమట్టం ఎక్కించాం, దుర్భిణీ పక్కనే ఎర్రచుక్క చూపించే ఇంకో కన్ను ఎక్కించాం. మా ఊరి జంక్షన్‌లో కూడా అన్ని ఎక్కవు ఒక్క రెయిల్ మీద. ముందుకాళ్ళ కోసం బైపాడ్ ఒకటి: బై చేశాను, పాడయ్యాను. పని అంతూపొంతూ లేకుండా పెరిగిపోతే ప్రాజెక్టుల్లో స్కోప్ క్రీప్ అంటాం, రోజూ వినే మాటే. ఈసారి నిజంగా స్కోప్ కోసమే, అంటే దుర్భిణీ కోసమే, పాకాను.

పెట్టెలన్నీ వచ్చి, విప్పి బిగించేసరికి దసరా ముందు ఆదివారం సాయంత్రమైంది. పద్మిని చూసి, "ఇది తుపాకా, బొమ్మల కొలువా?" అంది.

"ఎత్తి చూడు."

ఎత్తింది. మర్నాడు సెలవు పెట్టి రేంజ్‌కి తీసుకెళ్ళింది, నేనూ వెళ్ళాను. పది గుళ్ళు పది దిక్కులకి పోయాయి. పద్మిని తుపాకి కింద పెట్టి తన అరచేతులు చూసుకుంది.

"వణికాయండీ," అంది. "ఎప్పుడూ వణకలేదు."

ఎర్ల్ తుపాకిని తన ముందుకి జరుపుకున్నాడు. జేబులోంచి చిన్న స్క్రూడ్రైవర్ తీశాడు. టార్చీ తీసి బల్ల మీద పెట్టాడు. "పగలు," అన్నాడు. రసమట్టం తీశాడు. ఎర్రచుక్క తీశాడు. బైపాడ్ తీశాడు. చివరికి నా నంబర్ వన్ దుర్భిణీ తీసి, పసిబిడ్డను ఇచ్చినట్టు నా చేతికిచ్చాడు.

"ఈ జట్టులో అద్దం ఉండకూడదు సార్. నిబంధనల కాగితం గోడకే ఉంది."

ఒక్క పేజీ. నలభై మూడు వరసలు చదివిన నేను, ఆ ఒక్క పేజీ చదవలేదు.

ఆయన సొరుగులోంచి బొత్తాం లాంటి నల్లటి చక్రం తీసి తుపాకి వెనక బిగించాడు. దాని నడుమ ఆవగింజంత చిల్లి. గొట్టం చివర ఉంగరం లాంటి చిన్న వలయం పెట్టాడు. చేతికి బిగించుకునే తోలు పట్టీ ఒకటి తగిలించాడు. అంతే.

"చిల్లి?" అన్నాను. "ఇంత ఖర్చుపెట్టాక ఉత్త చిల్లా? చిల్లిగవ్వ కూడా..."

"చూడండి," అన్నాడు ఎర్ల్.

తుపాకి ఖాళీగా ఉందని నాకు రెండుసార్లు చూపించి, బల్ల మీద ఆనించాడు. కన్ను పెట్టాను. మొదట నల్లన. తర్వాత, ఎవరో కిటికీ తలుపు తీసినట్టు, వెలుగు.

నాకు యాభై ఒకటి. కళ్ళద్దాల్లో పైన ఒక పవరు, కింద ఒక పవరు, నడుమ నేను. దగ్గరది చూస్తే దూరం అలుక్కుపోతుంది, దూరం చూస్తే చేతిలో కాగితం అలుక్కుపోతుంది. ఆ చిల్లిలోంచి మాత్రం ముందున్న వలయం గీసినట్టుంది. యాభై గజాల అవతల ఉన్న నల్లటి చుక్క, ఆ వలయంలో చంద్రుడిలా నిలబడింది. రెండూ ఒకేసారి, ఒకేలా తేటగా. నేను కన్ను కాస్త పక్కకి జరిపినా, అది తనంతట తానే నడుమకి వచ్చేసింది. గుండ్రం నడుమ గుండ్రం, దాని నడుమ గుండ్రం. మొన్నామధ్య సూర్యగ్రహణం రోజున మా అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో, ఆకుల సందుల్లోంచి పడ్డ వెలుతురు నేలంతా వందల నెలవంకలై మెరిసింది. ఒక్క ఆకుకీ అద్దం లేదు. ఆ రోజు మా కాంప్లెక్స్ అంతా నోరు తెరిచి నేలకేసి చూసింది. ఇప్పుడు నేను మళ్ళీ నోరు తెరిచాను, మాట మాత్రం రాలేదు.

"చిన్న చిల్లి అడ్డమైన వెలుతురుని ఆపేస్తుంది," అన్నాడు ఎర్ల్. "కావలసినదే వస్తుంది."

మంగళవారం పద్మిని ఆ చిల్లితోనే, మరలు తిప్పుకుంటూ గురి సరిచేసుకుంది. చేతులు మళ్ళీ నిలిచాయి. "ఇక మరలు ముట్టుకోకండి," అని నాకు ఇంగ్లీషులోనూ తెలుగులోనూ చెప్పింది.

మరలు ముట్టుకోలేదు. కానీ గురువారం ఆయుధ పూజ. ఇరవై రెండేళ్ళుగా అమెరికాలో నేను ఆయుధ పూజ కారుకి చేశాను, లాప్‌టాప్‌కి చేశాను, గడ్డి కోసే మిషన్‌కి చేశాను. ఇంట్లో నిజమైన ఆయుధం ఉన్న మొదటి దసరా ఇది! పద్మిని డ్యూటీలో ఉంది. నేను స్నానం చేసి, పసుపు చిక్కగా తడిపి, కుంకుమ అద్ది, చెక్కకి పెట్టాను, గొట్టానికి పెట్టాను. కారుకి హెడ్‌లైట్లకి బొట్టు పెట్టే చెయ్యి, తుపాకి కన్ను దగ్గర ఆగుతుందా? ముక్కంటిని తలుచుకుని చక్రానికి కూడా నిండుగా పెట్టాను. తర్వాత, పద్మిని తిడుతుందని మెత్తటి గుడ్డతో పైపైన తుడిచి పెట్టెలో పెట్టేశాను. నీటుగా ఉందనుకున్నాను.

శనివారం ఉదయం రేంజ్‌లో ఏడుగురు పోటీకి వచ్చారు. గురి చూసుకోవడానికి పది నిమిషాలు, గంట కొట్టాక ఇరవై గుళ్ళు. పద్మిని చాప మీద బోర్లా పడుకుని పట్టీ బిగించి, చెంప చెక్కకి ఆనించింది. ఆనించి అలాగే ఉండిపోయింది.

"ఏవండీ," అంది తల తిప్పకుండానే. "ఏమీ కనపడటం లేదు."

గురువారం నేను నిండుగా పెట్టిన బొట్టు గుర్తొచ్చింది. చెవులకి చప్పుడు ఆపే మఫ్‌లు ఉన్నందున నా గొంతు ఎంతో నాకు తెలియలేదు. "పసుపూ!" అని అరిచాను. వరసలో ఉన్న మిగతా ఆరుగురూ నన్ను చూశారు.

"ఏ పసుపు?"

"మొన్న... పూజ... కన్నుకి కూడా..."

పద్మిని నన్ను ఒక్క చూపు చూసింది. ఆ చూపుకి వెనక చిల్లీ అక్కర్లేదు, ముందు వలయమూ అక్కర్లేదు.

ఎర్ల్ వచ్చి చక్రం విప్పి వెలుతురుకి ఎత్తి పట్టుకున్నాడు. చిల్లి నిండా పసుపు రాయిలా ఎండిపోయి ఉంది. పద్మిని అలవాటుగా గాజుల దగ్గర ఉన్న పిన్నీసు తీయబోయింది.

"లోహం వద్దు మ్యామ్. అంచు గీసుకుంటే గుండ్రం పోతుంది. టైము ఆపలేను," అన్నాడు ఎర్ల్.

పద్మిని లేచి కూర్చుంది. నూలు కుర్తీ అంచు నుంచి ఒక పోగు లాగింది. నీళ్ళ సీసా మూతలో చక్రం నానేసి, పోగు కొసని నోట్లో తడిపి మెలిపెట్టింది. తర్వాత ఎండలోకి ఎత్తి, సూదిలో దారం ఎక్కించినట్టు పొడిచింది. ఒకసారి. రెండుసార్లు. ఆవగింజలోకి దారం. నేను ఊపిరి బిగబట్టాను, ఆమె బిగబట్టలేదు. మూడోసారి అవతల పచ్చటి కొస బయటకి వచ్చింది. మెల్లగా ఇటూ అటూ లాగింది. నాలుగు పోగులు పసుపయ్యాక అయిదోది తెల్లగా వచ్చింది.

చక్రం బిగించేసరికి గంట మోగింది. గురి సరిచూసుకునే గుళ్ళు ఒక్కటీ కాల్చలేదు.

ఎర్ల్ నన్ను తన స్టాండు దుర్భిణీ దగ్గరికి పిలిచాడు. "మీరు చూడొచ్చు. నోరు తెరిస్తే, ఆమె పేరు కొట్టేస్తాను."

నడి చుక్కకి పది మార్కులు; మొదటి గుండు దానికి ఎడమ పక్కన పడింది. తొమ్మిది. చక్రం విప్పి బిగించినందుకు వెంట్రుకవాసి తేడా వచ్చింది. ఒక మర ఒక మెట్టు తిప్పితే పది. ఆ సంగతి నాకు తెలుసు, ఎర్ల్‌కి తెలుసు, కంటితో అంత దూరం చిల్లి చూడలేని పద్మినికి తెలియదు. నా నాలుకలన్నీ లోపల లుంగలు చుట్టుకున్నాయి.

రెండో గుండు పేలింది. కాగితం మీద ఏమీ మారలేదు. తప్పిపోయిందా? మూడోది పేలింది. ఏమీ లేదు. నేను ఎర్ల్ చెయ్యి పట్టుకున్నాను.

"ఆ చిల్లినే చూడండి," అన్నాడు మెల్లగా. "లావెక్కుతోంది."

చూశాను. నిజమే. నాలుగోది పేలినప్పుడు దాని అంచు రవ్వంత చిరిగింది. అయిదోది ఆ చిరుగులోంచే వెళ్ళింది. యాభై గజాల అవతల, ఒక గుండు వెళ్ళిన దారిలో ఇంకో గుండు, దాని వెనక ఇంకోటి, చీమల బారులా.

కాగితాలు నాలుగు, ఒక్కోదానికి అయిదు గుళ్ళు. రెండోదాంట్లో కూడా అదే చోట, అదే తొమ్మిది. మూడోదాంట్లో కూడా. తొమ్మిదులు ఇరవై అయితే నూట ఎనభై. ఒక్క ఎనిమిది పడినా పోయినట్టే. అది లెక్క కట్టాక నేను దుర్భిణీ వదిలి బల్ల మీద కూర్చున్నాను. పద్మిని వీపు ఒక్కటే కనిపిస్తోంది. ఊపిరి తీస్తుంది, సగం వదులుతుంది, ఆగుతుంది. ఆ ఆగిన చోట ఈ ప్రపంచమంతా ఆమెతో ఆగినట్టుంది. ఇన్నేళ్ళు ఒకే ఇంట్లో ఉండి, ఆ ఆగడం నేను ఒక్కసారి కూడా వినలేదు. వినే సందు ఎప్పుడిచ్చాను?

ఇరవయ్యోది పేలింది. ఎర్ల్ కాగితాలు తెచ్చి చివరిదాని మీద భూతద్దం పెట్టి చాలాసేపు వంగి చూశాడు. చిల్లి అంచు తొమ్మిదో గీతను తాకుతూ ఉంది, తాకితే తొమ్మిదే.

"నూట ఎనభై," అన్నాడు. మిగతా ఆరుగురిలో ఎవరికీ అంత రాలేదు. తర్వాత ఆయన ఖాతాలో ఆ రోజుకి మిగిలిన మాటలన్నీ ఒకేసారి ఖర్చుపెట్టాడు. "నలభై ఏళ్ళలో నూట తొంభై కొట్టినవాళ్ళని చూశాను. ఇరవైకి ఇరవై తొమ్మిదులు ఎప్పుడూ చూడలేదు మ్యామ్. మంగళవారం సాయంత్రం ఆరుకి ప్రాక్టీసు."

పద్మిని తలూపింది. పట్టీ విప్పింది. అప్పుడు, అంతా అయ్యాక, మొదటి కాగితం అడిగి తీసుకుంది.

కారు దగ్గర నేను తుపాకి పెట్టె డిక్కీలో పెట్టి తాళం వేసి వెనక్కి తిరిగాను. పద్మిని మొదటి కాగితాన్ని ముఖానికి అడ్డంగా ఎత్తి పట్టుకుని ఉంది. అయిదు గుళ్ళు కలిసి చేసిన ఆ ఒక్క చిల్లిలోంచి ఆమె కన్ను కనపడుతోంది.

"ఏం కనిపిస్తోంది?" అన్నాను.

"మీరే. బాగానే ఉన్నారు," అంది. "కదలకండి."

దారికి అడ్డంగా ఉన్నానని రెండు కార్లు హారన్ కొట్టాయి. అయినా నేను కదల్లేదు.