నాలుగోసారి

మూడు రోజులు ట్రైనింగని చెప్పి వెళ్ళి వచ్చేసరికి ఇంట్లో ఒక్క బట్ట ఉతికి లేదు. నిండు బకెట్ ఎత్తలేక మగ్గుతో నీళ్ళు తోడుకుంటూ, ముందు ఆయన చొక్కా జేబులు వెతుకుతున్నాను. జేబులో లాటరీ టికెట్లు తడిస్తే తప్పు నాదే. తగలని టికెట్లు కూడా దాచాలి. వాటిని ముందేసుకుని ఆయన స్టడీ చేస్తారు.

"ముప్పై ఏడో నంబరు పద్నాలుగు వారాలుగా రాలేదు. ఈ వారం రాక చస్తుందా?" అన్నారు వరండాలోంచి.

నేను బడిలో లెక్కల టీచర్ని. పెళ్ళయిన కొత్తలో నోరు ఊరుకోక, లాటరీ తీసే ఆ నంబర్ల బంతులకి జ్ఞాపకం ఉండదండీ, పోయిన వారం ఏ నంబరొచ్చిందో వాటికేం తెలుసు, ప్రతిసారీ ఆట మొదటినుంచే అన్నాను. "నీ లెక్కలు పిల్లలకి చెప్పుకో, ఇది అనుభవం" అన్నారు. పదహారేళ్ళుగా ఒక్కసారీ ఏమీ తగలని అనుభవం.

టికెట్ల పిచ్చి ఒక్కటే అయితే భరించేదాన్నేమో. అదే లెక్క నా కడుపు మీదా వేశారు. "ముగ్గురూ ఆడపిల్లలే అయిపోయారుగా, ఇక నాలుగోసారి మగపిల్లాడి వంతే" అంటుంది అత్తయ్య, నేను వడ్డించిన అన్నం కలుపుకుంటూ. వంతట. లోపలెవరో వరసలో నిలబడ్డట్టు. మూడోది పుట్టిన రోజు ఈయన ఆస్పత్రి గది బయట ఫోన్లో ఎవరితోనో అంటున్నారు, "కొద్దిలో తప్పిపోయిందిరా" అని. టికెట్టు ఒక్క అంకెలో పోయినప్పుడు అనే మాటే, అదే గొంతు. పాలు తాగుతున్న పసిదాని చెవి అరచేత్తో మూశాను. ఆ రోజు నుంచీ ఆయన చెయ్యి మీద పడితే చాలు, ఇంకో టికెట్టు కొంటున్నారనిపించి ఒళ్ళు కంపరమెత్తుతుంది.

బట్టలు ఆరేస్తుంటే ఆయన వెనకే వచ్చి నిలబడ్డారు. తీగ మీదికి చెయ్యెత్తినప్పుడల్లా నాకు పొత్తికడుపు లాగుతోంది.

"అమ్మ రోజూ అడుగుతోంది. ఇక ఆలస్యం చెయ్యొద్దు" అన్నారు. నేను బకెట్లోంచి ఆయన చొక్కా తీసేసరికి గొంతు తగ్గించి, "సరే, నీ దారికే వస్తాను. నీ లెక్క ప్రకారం చూసినా సగం అవకాశం ఉందిగా?" అన్నారు.

పదహారేళ్ళలో ఆయన నా లెక్క ఒప్పుకోవడం ఇదే మొదలు. చొక్కా తిరగేసి తీగ మీద వేసి, క్లిప్పు పెట్టాను.

"లేదండీ, సున్నా" అన్నాను. "నేను వెళ్ళింది ట్రైనింగుకి కాదు, ఆస్పత్రికి. ఇక పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకుని వచ్చాను."