ఆరో ముక్క

జర్మన్లు మా ఊళ్లో దిగాక వచ్చిన మొదటి ముగ్గురు రాజుల పండుగ అది, క్రిస్మస్ అయిన పన్నెండు రోజులకి బాలయేసు పేరున చేసుకునేది. చర్చి నుంచి వచ్చి భోజనానికి కూర్చోబోతుంటే పోలీసు ఫాబ్రెగ్ తలుపు తోశాడు. మా అటక మీద రెండు నెలలుగా మెండెల్ అనే యూదుడు, గడియారాల మేస్త్రి, దాగి ఉన్నాడు. దొరికితే రైలెక్కిస్తారు. ఆ రైలెక్కినవాళ్ల నుంచి మళ్లీ ఉత్తరం రాదు.

"వదినా, రొట్టె వాసన వీధి చివరిదాకా కొడుతోంది. పిండి ఎక్కడ కొట్టేశావు?"

"నీ టోపీలోంచే! కూర్చో మరిదీ, సగం బంగాళాదుంపేలే" అంది నా భార్య లియొనీ.

పండుగనాడు గుమ్మంలోకి వచ్చినవాణ్ణి పొమ్మనలేం.

ఆ రోజు రొట్టె పంచేటప్పుడు ఇంట్లో అందరికన్నా చిన్నవాళ్లు బల్ల కింద దూరతారు. ఒక్కో ముక్క ఎవరికో చూడకుండానే చెబుతారు. ఒక ముక్క మాత్రం తలుపు తట్టే బీదవాడికి. మా ఏడేళ్ల ఒడెత్ దూరింది.

కళ్లు మూసుకుని ప్రార్థన ముగించి చూస్తే ఆరు ముక్కలు. ఫాబ్రెగ్‌తో కలిపి మేం నలుగురం, బీదవాడితో అయిదు. రెండు నెలలుగా అటక మీది మనిషికీ కలిపి కోస్తున్న లియొనీ చెయ్యి, అలవాటుగా కోసేసింది.

అప్పటికే ఫాబ్రెగ్ ముక్కల మీద వేలు పెట్టి అడుగుతున్నాడు. "ఇది ఎవరికే పిల్లా?"

"అమ్మకి."

"ఇది?"

"నాన్నకి." తర్వాత తనకి, ఫాబ్రెగ్ బాబాయికి, బీదవాడికి.

"మరి ఇదో?" అని నవ్వాడు.

ఫాదరుగారికి అని నేను అనొచ్చు. కానీ అబద్ధం పాపమని రోజూ చెప్పింది నేనే. అటక మాట ఎత్తొద్దన్నదీ నేనే. ఆ రెండూ ఒక్క చిన్న నోట్లో ఎలా ఇముడుతాయనుకున్నాను?

"నాన్నా, ఏం చెప్పను?"

ఫాబ్రెగ్ నవ్వు ఆగింది. పైకప్పు వైపు చూశాడు. తన ముక్క తిని, "బాగుంది వదినా" అని టోపీ పెట్టుకుని వెళ్లాడు.

మెండెల్ దిగివచ్చాడు. బయట మోకాలి లోతు కొత్త మంచు.

"పారిపోండి" అన్నాను.

"ఎక్కడికి సార్? నా అడుగులు నాకంటే ముందే దొరుకుతాయి" అని కూర్చుని తన ముక్క తిన్నాడు. ఒక్క తునకా వదల్లేదు.

సాయంత్రం చర్చి గంట కొట్టకముందే జర్మన్లు వచ్చారు. అతన్ని తీసుకెళ్లారు, నా పేరు రాసుకున్నారు.

బల్ల మీద బీదవాడి ముక్క అలాగే ఉంది. ఒడెత్ నా చెయ్యి పట్టుకుంది.

"నేను అబద్ధం చెప్పలేదు కదా నాన్నా?"

"లేదమ్మా" అన్నాను.