మైకెక్కిన గుట్టు

సాన్ హసింతో ఊళ్లో ఫిలొగోనియో గొంతు వినకుండా ఎవరికీ తెల్లవారదు. మునిసిపల్ ఆఫీసు మేడ మీద నాలుగు దిక్కులకూ నాలుగు లౌడ్‌స్పీకర్లు, కింద చిన్న గదిలో ఒక మైకు, దాని ముందు ఆయన. "ఎర్మిలా వాళ్ళింట్లో పందిని కోశారు, మాంసం కావలసినవాళ్ళు బయల్దేరండి." "గ్యాస్ బండి చర్చి దగ్గరికొచ్చింది." "నల్ల గాడిద ఒకటి చెరకు తోటలో పడి మేస్తోంది. గాడిదకి సిగ్గు లేదు సరే, దాని యజమానికైనా ఉండాలి కదా, వచ్చి తోలుకుపోండి!" ఊరు కొండల మధ్య ఉండటంతో సెల్‌ఫోను ఒక వీధిలో పలికితే నాలుగు వీధుల్లో పలకదు. అందుకే ఆ ఊరికి ఫోనైనా పేపరైనా ఆ మైకే. జీతం లేని ఆ బాధ్యతను ఊరి సభ ఆయనకు అప్పగించింది, ఆయన దాన్ని ప్రాణంగా చూసుకుంటున్నాడు.

మునిసిపాలిటీ వారి కుటుంబ సంక్షేమ విభాగం కూడా ఆ మైకునే నమ్ముకుంది. పింఛను తీసుకోవలసిన ముసలివాళ్ళనూ, పాలపొడి రావలసిన బాలింతలనూ, భర్త తాగి కొడుతున్నాడని మొరపెట్టుకున్న ఇల్లాలినీ పేరు పెట్టి, పని చెప్పి పిలిచేవారు. ఏళ్ళ తరబడి ఇందులో ఎవరికీ తప్పు కనిపించలేదు. తన కూతురి పేరు వినబడేదాకా క్రెసెన్సియాకూ కనిపించలేదు.

క్రెసెన్సియా మొక్కజొన్న రొట్టెలు కాల్చి ఇంటి దగ్గరా, సంతలోనూ అమ్ముకుంటుంది. కిందటి వానాకాలంలో కొండచరియ విరిగిపడి ఆమె భర్త ఎలాదియో పోయాడు. అప్పటినుంచి పదిహేనేళ్ళ కూతురు యారెలి బడి మానేసి గోడవైపు తిరిగి పడుకునేది. ఒక సాయంత్రం ఉన్నట్టుండి, "నేనూ పోతే బాగుండునమ్మా" అంది. తల్లి ఆ రాత్రంతా పిల్ల మంచం పక్కనే కూర్చుంది. మర్నాడే పిల్లను వెంటబెట్టుకుని సంక్షేమ విభాగంలో పనిచేసే రొసౌరా దగ్గరికి వెళ్ళి కన్నీళ్ళతో ఉన్నదంతా చెప్పుకుంది. రొసౌరా మంచి మనిషి. ప్రతి గురువారం పట్నం నుంచి వచ్చే మనసు డాక్టరమ్మకు పిల్లను చూపించింది. రెండో గురువారం ఇంటికొచ్చాక యారెలి చాలా రోజులకు అడిగి మరీ చిక్కుడుగింజల కూర పెట్టించుకుని తింది. ఆ పూట క్రెసెన్సియా పొయ్యి ముందు కూర్చుని సంతోషంతో ఏడ్చింది.

తరువాతి వారం గురువారం పండగ వచ్చింది. డాక్టరమ్మ ఒకరోజు ముందే వస్తానని కబురు పంపింది. రొసౌరా ఎప్పటిలాగే ఆ సంగతి ఫిలొగోనియోకు చెప్పింది, ఎవరో ఏమిటో తెలిస్తే కాస్త మెత్తగా పిలుస్తాడని పిల్ల పరిస్థితి కూడా చెప్పింది. మంగళవారం పొద్దున క్రెసెన్సియా పెనం మీద రొట్టె తిప్పుతుండగా మైకు పలికింది.

"ఎలాదియో భార్య క్రెసెన్సియాకు మనవి. మీ యారెలిని చూసే మనసు డాక్టరమ్మ రేపే వస్తోందమ్మా, పిల్లను తీసుకురా. ఊరి జనమా, ఆ పసిదానికి బతుకు మీద విరక్తి పుట్టిందట. తండ్రి పోయిన బిడ్డ. మన బిడ్డే. అందరూ దానికోసం ఒక్క దండం పెట్టండి."

చేతిలో రొట్టె పొయ్యిలో పడింది. క్రెసెన్సియా లోపలి గది వైపు చూసింది. యారెలి మంచం మీద లేచి కూర్చుని ఉంది, మొహం పాలిపోయి ఉంది.

ఆ తరువాత జరిగింది వినండి. ఊరు వెక్కిరించి ఉంటే కనీసం తిట్టిపోయడానికి వీలుండేది. ఊరు ప్రేమతో విరుచుకుపడింది! ఒకామె తీపి రొట్టెలు తెచ్చింది. ఒకామె కొవ్వొత్తి వెలిగించి వాకిట్లో పెట్టింది. పక్కింటి తొమాసా కోడిగుడ్డూ వాసనాకు రెమ్మలూ పట్టుకుని సరాసరి గదిలోకే వచ్చేసింది.

"లే తల్లీ, దిష్టి తీస్తాను. చచ్చిపోవాలనుందటగా? ఇదేం పాడుబుద్ధే, అమ్మ ఏమైపోతుందో ఆలోచించావా?"

యారెలి దుప్పటి ముసుగు పెట్టుకుంది. అందరూ వెళ్ళాక ముసుగులోంచే అంది. "నేను నీకూ డాక్టరమ్మకూ తప్ప ఎవరికీ చెప్పలేదమ్మా. ఇక ఆ ఆఫీసు గడప తొక్కను. ఎవరికీ ఏమీ చెప్పను."

బుధవారం డాక్టరమ్మ వచ్చి, ఎదురుచూసి వెళ్ళిపోయింది. పిల్ల మళ్ళీ గోడవైపు తిరిగింది. కూతురు మళ్ళీ నోరు విప్పకపోతే ఏమవుతుందో తలచుకోవడానికే క్రెసెన్సియాకు భయమేసింది. భయం ముదిరి కోపమైంది. రొట్టెలు కాల్చేటప్పుడు నడుముకు కట్టుకునే గుడ్డ కూడా విప్పకుండా మునిసిపల్ ఆఫీసుకు వెళ్ళింది. మైకు గదిలో ఫిలొగోనియో, రొసౌరా ఇద్దరూ ఉన్నారు.

"మామా, నా బిడ్డ బతుకును బజారున పెట్టావు కదయ్యా!"

ఫిలొగోనియో తెల్లబోయాడు. "నేనా? మంచి మాటే కదమ్మా చెప్పాను. దండం పెట్టమన్నాను. మనదంతా ఒకే కుటుంబం కాదా?"

"అది మంచం దిగట్లేదు మామా. డాక్టరమ్మ మొహం కూడా చూడనంటోంది."

ముసలాయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "అయ్యో, ఎంత పని చేశాను! ఉండు, ఇప్పుడే మైకులో పిల్ల పేరు చెప్పి, ఊరందరి ముందూ క్షమాపణ అడుగుతాను." చెయ్యి స్విచ్చి మీదికి పోయింది.

"ఓరి దేవుడా, మళ్ళీనా!" అంటూ క్రెసెన్సియా ఆ చేతిని పట్టుకుంది.

రొసౌరాకు నవ్వొచ్చింది. కానీ క్రెసెన్సియా ఆమెవైపు తిరగగానే ఆ నవ్వు ఆరిపోయింది.

"ఆయన్ని అని ఏం లాభం మేడం? ఆయనకి చెప్పింది మీరు. నేను మిమ్మల్ని నమ్మి మీకు చెప్పుకున్నాను. ఊరికి చెప్పలేదు."

రొసౌరాకు తల కొట్టేసినట్టయింది. పదకొండేళ్ళుగా ఊరివాళ్ళ కష్టాలు వింటోంది. తలుపు తీసిపెట్టే విన్నది. రాసిన కాగితాలను తాళం లేని బీరువాలో పెట్టింది. సాయం అందితే చాలనుకుంది. విన్నదాన్ని కాపాడటం కూడా తన ఉద్యోగంలో భాగమేనని ఆమెకు ఎన్నడూ తట్టలేదు.

శనివారం ఆమె బుట్ట పట్టుకుని అందరిలాగే రొట్టెలు కొనడానికి క్రెసెన్సియా ఇంటికి వెళ్ళింది. పిల్ల మంచం దగ్గర కింద కూర్చుంది.

"తప్పు నాదే తల్లీ. నిన్ను అడగకుండా నీ మాట ఇంకొకరికి చెప్పాను."

యారెలి ఇటు తిరగకుండానే అడిగింది. "నా గురించి కాగితం మీద కూడా రాశారా?"

"రాశాను."

"ఎవరెవరు చదివారు?"

రొసౌరా అబద్ధం చెప్పలేదు. "నేను, డాక్టరమ్మ. కానీ బీరువాకి తాళం లేదు. కాబట్టి ఇంకెవరు చదివారో నాకు తెలీదు."

పిల్ల లేచి కూర్చుంది. "అయితే తాళం వెయ్యండి. నేను ఆ కాగితం చూడొచ్చా?"

"చూడొచ్చు. తప్పు రాసి ఉంటే చెప్పు, సరిచేస్తాను. ఇకమీదట నీకు కబురెలా పంపమంటావు?"

యారెలి తల్లివైపు చూసింది. "అమ్మ దగ్గర రొట్టెలు కొంటూ చెప్పండి. కొనకుండా ఊరికే రావద్దు, అనుమానపడతారు." క్రెసెన్సియా, "వ్యాపారం కూడా నేర్చిందే నా తల్లి!" అని కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

ఆదివారం ఊరి సభలో రొసౌరా ఎవరి పేరూ ఎత్తకుండా కొత్త పద్ధతి చెప్పింది. పింఛను వచ్చిందని మైకు చెబుతుంది, అది ఎవరికి ఎందుకన్నది చెప్పదు. ఎవరికి కబురెలా చేరాలో వారినే అడుగుతారు. బీరువాకు తాళం వేస్తారు. ఎవరి గురించి రాసింది వారు వచ్చి చూసుకోవచ్చు.

తొమాసా చేతులు తిప్పుతూ లేచింది. "బాగానే ఉంది మేడం! మనలో మనకి దాపరికాలేంటి? దొంగతనాలు చేశామా?"

ఫిలొగోనియో నిదానంగా లేచాడు. "తొమాసా, పోయిన నెల నువ్వు ఆ ఆఫీసుకి ఎందుకెళ్ళావో మైకులో చెప్పమంటావా?"

సభంతా గొల్లున నవ్వింది. తొమాసా శాలువాలో మొహం దాచుకుని కూలబడింది.

"చెప్పనులే, భయపడకు" అన్నాడు ముసలాయన. "నోరు మంచిదైతే చాలనుకున్నాను ఇన్నాళ్ళూ. ఎక్కడ మూసుకోవాలో కూడా నోటికి తెలియాలి. నాకు ఈ వయసులో తెలిసింది."

గురువారం యారెలి తల దువ్వుకుని ఒక్కతే బయల్దేరింది. తల్లి తోడు వస్తానన్నా వద్దంది. వాకిట్లో తొమాసా ఎదురైంది. అడగాలని ఆమె నాలుక ఎంత దురద పెట్టిందో ఆ దేవుడికే తెలియాలి.

"ఎక్కడి..." అని ఆగిపోయి, "ఎండగా ఉంది, నీడన నడువు తల్లీ" అంది.

"సరే అత్తా" అని యారెలి నవ్వింది. ఆఫీసు గదిలోకి వెళ్ళి తలుపు తనే వేసుకుంది. ఆ మూసిన తలుపు వెనక పిల్ల డాక్టరమ్మతో మళ్ళీ మాట్లాడింది.

సాయం చేసేవారికి జాలి ఒక్కటే చాలదు. మనల్ని నమ్మి ఒకరు చెప్పుకున్న మాట వాళ్ళు మన దగ్గర దాచుకున్న సొత్తు, వాళ్ళను అడగకుండా దాన్ని ప్రేమతో పంచిపెట్టే హక్కు కూడా మనకు లేదు.